భావి రక్షకులారా, ఎండలో నిలబడండి!

జనవరి వస్తే రహదారి భద్రతా మాసం. ఏప్రిల్ 14 వస్తే అగ్నిమాపక వారోత్సవాలు. అక్టోబరు 21 వస్తే పోలీసు అమరవీరుల సంస్మరణ దినం. మూడు శాఖలు, మూడు బ్యానర్లు, మూడు రకాల టోపీలు. ముడిసరుకు మాత్రం ఒక్కటే: హైస్కూలు పిల్లలు. ఎనిమిది, తొమ్మిది తరగతులైతే శ్రేష్ఠం. పదో తరగతి జోలికి మాత్రం పోకూడదు. వాళ్లను గంటసేపు బయటికి తెస్తే హెడ్మాస్టరు గారి ఉత్తీర్ణత శాతం జారిపోతుంది.

పిల్లలు చేయాల్సిన పనేమిటి? నిలబడటం. ప్లకార్డు పట్టుకుని, ఎండలో, లైన్లో నిలబడటం. హెల్మెట్ పెట్టుకోండి బాబూ అని గొంతు చించుకోవడం. సరిగ్గా అప్పుడే ఆ రోడ్డు మీద ఏదో ఒక పార్టీ బైక్ ర్యాలీ బయల్దేరుతుంది. బండికి ముగ్గురు. మెడలో కండువాలున్నాయి, తల మీద హెల్మెట్లు లేవు. ట్రాఫిక్ పోలీసాయన గబగబా పిల్లల్ని పక్కకు జరిపి ర్యాలీకి దారిస్తాడు. పాపం, ఆయన్నేమనగలం? ముందు జీపులో నిలబడి దండాలు పెడుతున్నది రేపటి మంత్రి. పిల్లలు కళ్లప్పగించి చూస్తారు. ప్రజాభద్రత గురించి ఆ రోజు వాళ్లకు ఒంటబట్టిన అసలు పాఠం అదే. 2022లో ఈ దేశపు రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. ప్లకార్డుల కొరత వల్ల మాత్రం కాదు.

నిలబడటం అయ్యాక వ్యాసరచన. అగ్నిమాపక వారోత్సవాలు ఎందుకొచ్చాయో తెలుసా? 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో పేలుడు పదార్థాలతో ఉన్న ఓడ పేలిపోయింది. మంటలార్పడానికి వెళ్లిన 66 మంది అగ్నిమాపక సిబ్బంది బూడిదయ్యారు. వాళ్ల స్మృతికి మన నివాళి ఏమిటి? తొమ్మిదో తరగతి బి సెక్షన్‌కు 'అగ్ని ప్రమాదాలు - నివారణ' మీద రెండు పేజీలు. మొదటి బహుమతి పరీక్ష అట్ట. రెండో బహుమతి పెన్ను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం పాతకాలం ముచ్చట. ఇప్పుడు చేతులు కాలాక ఆకులు పట్టుకునే విధానంపై వ్యాసరచన పోటీ పెడుతున్నాం. ప్రగతి అంటే ఇదే మరి!

ఇదంతా ఎందుకని అడిగితే గంభీరమైన జవాబొకటి ఉంది. పిల్లలను 'భావి రక్షకులు'గా తీర్చిదిద్దుతున్నారట. పోలీసు, ఫైర్, అంబులెన్స్, విపత్తు సహాయం వంటి ప్రజాభద్రత ఉద్యోగాల వైపు హైస్కూలు నుంచే నడిపిస్తున్నారట. మంచిదే. చాలా మంచిది. ఆ నడక ఎంతదూరం సాగిందో ఒకసారి చూద్దామా?

2018 జూలై 21న గురుగ్రామ్‌లో అప్పటి కేంద్ర హోంమంత్రి రాజ్‌నాథ్ సింగ్ 'స్టూడెంట్ పోలీస్ క్యాడెట్' పథకాన్ని దేశం మొత్తానికి ప్రారంభించారు. ఎనిమిది, తొమ్మిది తరగతులకు. పాఠ్యపుస్తకం లేదు. పరీక్ష లేదు. క్లాసు నెలకు ఒకటి. పిల్లల మీద భారం పడకూడదట! ఎంత కనికరం! మిగతా సబ్జెక్టులకు పుస్తకాల సంచి మోసి మోసి వీపులు వంగిపోతున్నా పుట్టని ఈ కనికరం, వాళ్ల ప్రాణాలు కాపాడే సబ్జెక్టు దగ్గరికొచ్చేసరికి పొంగి పొర్లింది. ఒక్కో బడికి 50 వేల రూపాయలు ఇస్తామన్నారు. బోధన సామగ్రి, శిక్షణ, చిల్లర ఖర్చులు అన్నీ అందులోనే. నియోజకవర్గంలో ఒక్క నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీలకు అంతకంటే ఎక్కువవుతుంది. కావాలంటే మీ వీధి చివర లెక్కపెట్టి చూసుకోండి.

నెలకొక్క క్లాసులో ఏమేం నేర్పాలో వినండి. నేర నివారణ. రహదారి భద్రత. సాంఘిక దురాచారాలపై పోరు. మహిళలు, పిల్లల రక్షణ. విపత్తు నిర్వహణ. పెద్దలపట్ల గౌరవం. సహనం. క్రమశిక్షణ. ఇవి చాలవన్నట్టు, అవినీతిపై పోరాటం! అవును, చదివింది కరెక్టే. పోలీసు శాఖ పర్యవేక్షణలో ఎనిమిదో తరగతి పిల్లలకు అవినీతిపై పోరాటం నేర్పుతారు. పాస్‌పోర్టు ఎంక్వైరీకి వచ్చిన వాళ్లకు 'టీ ఖర్చులు' సమర్పించుకున్న తండ్రి, ఇంటికొచ్చిన కొడుకు నోట ఈ పాఠం విని ఏ మొహం పెట్టాలి?

ఈ పథకం పుట్టినిల్లు కేరళ. అక్కడ 2010లో మొదలుపెట్టినప్పుడు సీరియస్‌గానే మొదలుపెట్టారు. రెండేళ్ల శిక్షణ, క్రమంతప్పని పరేడ్, శిబిరాలు, బాధ్యత తీసుకునే టీచర్లు. అది ఢిల్లీ దాకా ప్రయాణం చేసేసరికి నెలకు ఒక పీరియడ్‌గా చిక్కిపోయింది. రెండేళ్లకు కలిపి లెక్కేసినా ఇరవై పీరియడ్లు. అందులో ఎన్ని గణితం సారు లాగేసుకుంటారో ఆ సరస్వతీదేవికే ఎరుక. మన దగ్గర ఇది ఉన్న బళ్లలో పిల్లలకు యూనిఫాం ఉంటుంది. టోపీ ఉంటుంది. ఆగస్టు 15న కవాతు ఉంటుంది, పేపర్లో ఫొటో ఉంటుంది. ఇంకేం కావాలి? శిక్షణా? అబ్బ, ఆశకు అంతుండాలి!

సరే, పిల్లాడికి ఆ టోపీ నచ్చింది. కానిస్టేబుల్ అవుదామనుకున్నాడు. ఏం కావాలి? ఆంధ్రప్రదేశ్ నియామక మండలి ప్రకారం మగవాళ్లకు 167.6 సెంటీమీటర్ల ఎత్తు. గాలి పీలిస్తే ఛాతీ అయిదు సెంటీమీటర్లు పొంగాలి. 1600 మీటర్లు 8 నిమిషాల్లో పరుగెత్తాలి. తెలంగాణలో 2022 నియామకాల్లో అదే దూరానికి 7 నిమిషాల 15 సెకన్లే ఇచ్చారు. అన్యాయమేమీ లేదు. దొంగ నిలబడి చేతులిస్తాడా? పోలీసన్నాక పరుగెత్తాలి.

మరి ఆ పరుగు ఎక్కడ నేర్చుకోవాలి? బడిలోనా? ఏ బడిలో? కింద ఫ్లోర్లో చెప్పుల షాపు, పైన మూడు ఫ్లోర్లలో 'ఐఐటీ ఫౌండేషన్' అని బోర్డున్న బడిలోనా? అక్కడ 1600 మీటర్లు పరుగెత్తాలంటే వరండాలో ఎన్ని చుట్లు తిరగాలో అదొక ఐఐటీ ప్రశ్న. ఆటస్థలం ఎక్కడని గుర్తింపు ఇచ్చే అధికారి అడగలేదా? అడిగే ఉంటారు. దగ్గర్లోని మున్సిపల్ మైదానాన్ని చూపించి ఉంటారు. పోయినేడాది పక్క బడి వాళ్లు చూపించిందీ ఆ మైదానాన్నే. దాంట్లో ఇప్పుడు ఎగ్జిబిషన్ నడుస్తోంది.

సర్కారు బళ్లలో మైదానం ఉంటుంది. ఆడించే పీఈటీ ఉండడు. ఉంటే ఆయన ఎన్నికల డ్యూటీలో ఉంటాడు, లేదా మధ్యాహ్న భోజనం లెక్కల్లో. టైమ్ టేబుల్లో 'గేమ్స్' అని రాసి ఉంటుంది, పదో తరగతికి ఆ గంటలో స్లిప్ టెస్టు. ఆడపిల్లల సంగతి మరీ బావుంది. పెద్దమనిషైంది మొదలు పరుగెత్తొద్దు, ఎగరొద్దు, గట్టిగా నవ్వొద్దు అని ఇల్లూ బడీ కలిసి కూర్చోబెడతాయి. ఆ పిల్లకే పద్దెనిమిదేళ్లు నిండగానే స్టాప్‌వాచ్ పట్టుకుని ఊఁ పరుగెత్తు, లాంగ్ జంప్ చెయ్యి అంటారు. పడిపోతే పేపర్లో వార్త: 'దేహదారుఢ్య పరీక్షలో అభ్యర్థిని అస్వస్థత'. అస్వస్థత ఎవరిది?

అయినా మొండివాళ్లుంటారు. తెల్లవారుజామున హైవే పక్కన పరుగెత్తేవాళ్లు. నంద్యాలలోనో, అశోక్‌నగర్‌లోనో, దిల్‌సుఖ్‌నగర్‌లోనో గదికి ఆరుగురు చొప్పున సర్దుకుని కోచింగ్ తీసుకునేవాళ్లు. నాన్న పొలం మీద అప్పు తెచ్చి పంపిన డబ్బుతో పుస్తకాలు కొనేవాళ్లు. వీళ్లకు ప్రభుత్వం ఏమిచ్చింది?

2022 నవంబరు 28న ఆంధ్రప్రదేశ్‌లో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. 2023 జనవరి 22న ప్రాథమిక పరీక్ష. నాలుగున్నర లక్షల మందికి పైగా రాశారు. 95 వేల పైచిలుకు గట్టెక్కారు. అబ్బో, ఏం వేగం! రెండు నెలల్లోనే! ఇక మార్చిలో పరుగు పందేలన్నారు. కుర్రాళ్లు బూట్లు కొనుక్కున్నారు. అంతలో శాసనమండలి ఎన్నికలు అడ్డొచ్చాయి, వాయిదా అన్నారు. ఎన్నికలు ఆ మార్చిలోనే అయిపోయాయి. వాయిదా మాత్రం అయిపోలేదు. వేసవి పోయింది. వానలు పోయాయి. సంక్రాంతి వచ్చి వెళ్లింది. అసెంబ్లీ ఎన్నికలొచ్చాయి. ప్రభుత్వమే మారిపోయింది. బూట్ల అడుగులు అరిగిపోయాయి. చివరికి 2024 డిసెంబరు 30న 'రండి, పరుగెత్తండి' అని పిలుపొచ్చింది. తుది రాతపరీక్ష 2025 జూన్ 1న. ఫలితాలు ఆగస్టు 1న.

లెక్క కట్టండి. రెండేళ్ల ఎనిమిది నెలలు. 1600 మీటర్లకు 8 నిమిషాల మీద ఒక్క సెకను దాటితే కుర్రాడు పనికిరాడు, ఇంటికి పో. మరి ఈ పరుగు పందెం పెట్టడానికే రెండేళ్లు తీసుకున్నవాళ్ల ఎత్తు, ఛాతీ ఎవరు కొలిచారు? వాళ్ల చేతిలో స్టాప్‌వాచ్ ఎవరూ పెట్టలేదా? నోటిఫికేషన్ వచ్చిన నాడు పదో తరగతి చదువుతున్న పిల్లాడు, పది పాసై, ఇంటర్ రెండేళ్లూ పూర్తిచేసి, డిగ్రీ గుమ్మం ముందు నిలబడ్డాక గానీ ఆ నోటిఫికేషన్ ఫలితం రాలేదు. హైస్కూలు నుంచే సిద్ధం చేస్తామన్నది ఇందుకేనేమో. ఇప్పుడు మొదలుపెడితే గెడ్డం వచ్చే వేళకు పిలుపొస్తుందని.

ఇప్పుడు పాత ప్రభుత్వం వాళ్లు నోటిఫికేషన్ ఇచ్చింది మేమే అంటారు. కొత్త ప్రభుత్వం వాళ్లు పూర్తిచేసింది మేమే అంటారు. మధ్యలో గల్లంతైన ఏళ్లు ఎవరివని అడిగితే ఇద్దరూ గప్‌చుప్. తెలంగాణ కాస్త నయం. 2022 ఏప్రిల్‌లో నోటిఫికేషన్, 2023 అక్టోబరులో ఫలితాలు. అయితే నియామక పత్రాలు మాత్రం 2024 ఫిబ్రవరిలో స్టేడియంలో సభ పెట్టి, కొత్త ముఖ్యమంత్రి చేతుల మీదుగా ఇచ్చారు. పత్రం పోస్టులో పంపితే ఉద్యోగం చెల్లదా? చెల్లుతుంది. ఫొటో రాదంతే. ఇక దేశం మొత్తం మీద పోలీసు ఖాళీలు అయిదు లక్షలకు పైమాటే. పోస్టుల్లేక కాదు, పోలీసు కావాలనుకునేవాళ్లు లేక కాదు. ఈ రెంటికీ మధ్య కూర్చున్న ఫైలు కదలక.

సైరన్ల సంగతి చెప్పకుండా ముందుకు పోతే పాపం తగులుతుంది.

2025 మే 7. పహల్గాం దాడి తర్వాత దేశమంతా పౌర రక్షణ మాక్ డ్రిల్ జరిగింది. హైదరాబాద్‌లో సాయంత్రం నాలుగింటికి సైరన్లు మోగాయి. విశాఖపట్నంలోనూ డ్రిల్ జరిగింది. కేంద్ర హోంశాఖ ఆదేశాల్లో ఒక ముఖ్యమైన మాట ఉంది: దాడి జరిగితే తమను తాము కాపాడుకోవడం ఎలాగో పౌరులకు, విద్యార్థులకు శిక్షణ ఇవ్వాలి. విద్యార్థులకు! భేష్. అయితే ఆ రోజు రెండు రాష్ట్రాల్లోనూ బళ్లకు వేసవి సెలవులు. విద్యార్థులు అమ్మమ్మగారి ఊళ్లో మామిడికాయలు కోసుకుంటున్నారు. శత్రువు క్యాలెండరు చూసుకుని రాడు, ఒప్పుకుంటాం. జూన్‌లో బళ్లు తెరిచాక అదే పాఠం మళ్లీ చెప్పడానికి ఏ శత్రువు అడ్డుపడ్డాడు? మీ పిల్లల్ని అడగండి. సైరన్ మోగితే ఏం చేయాలిరా అని. వాట్సాప్ స్టేటస్ పెట్టాలి అంటారు.

ఇంకో మే 7 ఉంది. అది 2020. విశాఖలోనే, ఆర్.ఆర్. వెంకటాపురంలో. తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరిన్ ఆవిరి ఊరి మీద పడింది. 12 మంది చనిపోయారు. పరుగెత్తుతూ పడిపోయినవాళ్లు, నిద్రలోనే ఒరిగిపోయినవాళ్లు. ఆ ఫ్యాక్టరీలో సైరన్ లేదా? ఉంది. 36 చోట్ల నుంచి మోగించే వీలుంది. ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీయే ఈ లెక్క చెప్పింది. ఎవరూ నొక్కలేదు. ఒక్కరు కూడా! నిజంగా విషవాయువు వచ్చిన మే 7న సైరన్ మోగలేదు. ఉత్తుత్తి దాడి జరిగిన మే 7న మోతమోగిపోయింది. ఫ్యాక్టరీ పక్క ఊళ్లో బడికెళ్లే పిల్లాడికి ఏ రసాయనం వాసన ఎలా ఉంటుందో, గాలి ఎటు వీస్తే ఎటు పరుగెత్తాలో, తడిబట్ట ముక్కుకు ఎందుకు కట్టుకోవాలో ఎవరైనా చెప్పారా? చెప్పాలంటే ముందు ఆ ట్యాంకులో ఏముందో చెప్పాలి. అది కంపెనీ రహస్యం. అందుకే 'పెద్దలపట్ల గౌరవం' చెబుతారు.

మాక్ డ్రిల్ అయిన పదకొండు రోజులకు, మే 18న, చార్మినార్‌కు కూతవేటు దూరంలో గుల్జార్ హౌజ్ దగ్గర ఒక ఇంట్లో మంటలు. 17 మంది చనిపోయారు. అందులో ఎనిమిది మంది పిల్లలు. కింద దుకాణాలు, పైన కాపురాలు, లోపలికీ బయటికీ ఇరుకైన ఒక్కటే దారి. క్షిపణి పడితే ఏం చేయాలో నగరానికి నేర్పామన్నారు. ఏసీ దగ్గర నిప్పు పుడితే ఏం చేయాలో? మంత్రులొచ్చారు. దిగ్భ్రాంతి ప్రకటించారు. దిగ్భ్రాంతికి మన దగ్గర ఎప్పుడూ కొరత లేదు. తర్వాత విచారణ, తనిఖీలు, నోటీసులు. ఆ తర్వాత షరా మామూలే.

పిల్లలకు భద్రత నేర్పే బడి అయినా భద్రంగా ఉందా? 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో వంటగది నిప్పు తాటాకు కప్పుకు అంటుకుని 94 మంది చిన్నారులు కాలిపోయారు. దాని మీద వేసిన కేసులో 2009 ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. భద్రమైన బడి పిల్లల హక్కు అంది. ఆరు నెలల్లో ప్రతి బడిలో మంటలార్పే పరికరాలు పెట్టాలంది. పెట్టారు. ఎర్ర సిలిండర్ ఒకటి హెడ్మాస్టరు గారి గదిలో, బీరువా పక్కన భద్రంగా ఉంది. పిల్లలు ముట్టుకుంటే పాడైపోతుందని తాళం కూడా వేశారు. గడువు తేదీ స్టిక్కరు ఎండకు వెలిసిపోయింది. నొక్కి చూసిన టీచరు లేరు. కార్పొరేట్ బడిలో ఇంకాస్త నాగరికం. ప్రతి ఫ్లోర్లో సిలిండర్ ఉంటుంది, బాణం గుర్తుతో 'అత్యవసర ద్వారం' అని బోర్డు ఉంటుంది. ఆ ద్వారం తీస్తే పాత బెంచీలు, పోయినేటి అడ్మిషన్ ఫ్లెక్సీలు. అలాంటి బడిలో పిల్లలకు ఫైర్ స్టేషన్ వాళ్లొచ్చి డెమో ఇస్తారు. బయట గ్రౌండ్లో కాస్త పెట్రోలు మండించి, నురుగు కొట్టి ఆర్పేస్తారు. చప్పట్లు. అదే మంట మూడో ఫ్లోర్లో, మధ్యాహ్నం పూట, ఇరుకు మెట్ల మీద నాలుగొందల మంది ఉండగా వస్తే? ఆ డెమో ఎవరూ చూపించరు. చూపిస్తే బడికి తాళం వేయాల్సి వస్తుంది.

ఇన్ని చదివి మీరు నిరాశపడకూడదు. ప్రభుత్వం దగ్గర ఇంకో దారి ఉంది. వృత్తివిద్య! 2020 జాతీయ విద్యా విధానం 2025 కల్లా కనీసం సగం మంది విద్యార్థులకు వృత్తివిద్య పరిచయం చేస్తామంది. 2025 వచ్చింది, పోయింది. మీ ఇంట్లో పిల్లలకు ఎవరైనా పరిచయం చేశారా? ఆ వృత్తుల జాబితాలో 'సెక్యూరిటీ' కూడా ఉంది. 'ఆయుధం లేని సెక్యూరిటీ గార్డు' అనే పాత్రకు భోపాల్‌లోని కేంద్ర వృత్తివిద్యా సంస్థ పాఠ్యపుస్తకాలే తయారుచేసింది. గార్డు పని నామోషీ పని కాదు. ఎండావానల్లో నిలబడి చేసే కష్టం అది. చట్టం దాన్ని గౌరవించింది కూడా: 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద గార్డుకు వంద గంటల క్లాసు శిక్షణ, అరవై గంటల క్షేత్ర శిక్షణ ఇవ్వాలి. మీ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర పన్నెండు గంటల డ్యూటీ చేస్తూ, మీ కారు తుడుస్తూ, మీ కుక్కను తిప్పుతున్న పెద్దాయన్ని అడగండి, ఆ 160 గంటలు ఎప్పుడు పూర్తయ్యాయి బాబాయ్ అని. ఆయన నవ్వుతాడు. ఏజెన్సీ వాళ్లు ఒక ఈల, ఒక చొక్కా ఇచ్చారు. చొక్కా డబ్బులు మొదటి జీతంలో కోసుకున్నారు.

ఆ చట్టంలోనే ఇంకో ముచ్చట. ప్రైవేటు గార్డుకు పద్దెనిమిదేళ్లు నిండాలి. మరి 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్‌లో సైన్యంలో చేరడానికి? పదిహేడున్నర చాలు! గేటెడ్ కమ్యూనిటీ గేటు కాయాలంటే పిల్లాడికి వయసు చాలదు. దేశ సరిహద్దు కాయడానికి చాలుతుంది. నాలుగేళ్లు కాశాక నూటికి పాతికమందిని ఉంచుకుంటారు. మిగతా డెబ్బై అయిదు మంది చేతిలో సుమారు పదకొండు లక్షల డెబ్బై వేలు పెట్టి దండం పెడతారు. పింఛను లేదు. ఆ తర్వాత? బీజేపీ నేత కైలాశ్ విజయవర్గీయ అప్పుడే దారి చూపించారు: తమ పార్టీ ఆఫీసుకు సెక్యూరిటీ కావాల్సి వస్తే అగ్నివీరుడికే ప్రాధాన్యం ఇస్తానన్నారు. గొడవయ్యాక తన మాటల్ని వక్రీకరించారన్నారు. వక్రీకరణ ఏముంది స్వామీ? సరిహద్దు నుంచి పార్టీ ఆఫీసు గేటు దాకా తిన్నగా గీత గీసినట్టే చెప్పారుగా!

సర్కారు వదిలేసిన ఖాళీలో ప్రైవేటు దుకాణాలు మొలవవా? మొలిచాయి. 'పదో తరగతి పాసా, ఫెయిలా? ఫర్వాలేదు! ఫైర్ అండ్ సేఫ్టీ డిప్లొమా చేయండి, గల్ఫ్‌లో సేఫ్టీ ఆఫీసర్ కండి!' బస్టాండు గోడల నిండా ఇవే పోస్టర్లు. నాగ్‌పూర్‌లో కేంద్ర ప్రభుత్వ జాతీయ అగ్నిమాపక కళాశాల ఉందని, 1956 నుంచి నడుస్తోందని ఏ హైస్కూల్లోనూ చెప్పరు. కాబట్టి పిల్లాడు పోస్టర్ చూస్తాడు. ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్తాడు. మూడో అంతస్తు. కింద బేకరీ. ఎక్కడానికీ దిగడానికీ ఒకే మెట్లు. అగ్నిప్రమాద నివారణ చెప్పే తరగతి గదికి రెండో దారి లేదు! మొదటి పాఠం అక్కడే అయిపోయింది. ఫీజు కట్టించుకుంటారు. మెరిసే సర్టిఫికెట్ ఇస్తారు. కుర్రాడు ఆ సర్టిఫికెట్ లామినేషన్ చేయించుకుని దుబాయ్ వెళ్తాడు. అక్కడ సేఫ్టీ ఆఫీసర్ ఇంకెవరో ఉంటారు. మనవాడు హెల్పర్. పసుపు హెల్మెట్ మాత్రం దొరుకుతుంది.

పోనీ ఇక్కడే ఉండి సేవ చేస్తానంటే? 108 ఉంది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలై దేశానికి దారి చూపిన సేవ. మనం గర్వంగా చెప్పుకోవచ్చు, చెప్పుకుంటున్నాం కూడా. ఆ బండిలో రోడ్డు మీద నెత్తురు తుడిచే టెక్నీషియన్ యజమాని ఎవరు? ప్రభుత్వమా? కాదు, నిర్వహణ సంస్థ. సంస్థ మారితే? పాత బకాయిలు ఎవరివి? ప్రాణాలు నిలబెట్టేవాళ్లు జీతం కోసం టెంట్ వేసుకుని కూర్చున్న ఫొటోలు మీరు పేపర్లో చూడలేదా? ఆ పక్క పేజీలోనే 'అత్యవసర సేవల్లో ఉజ్వల భవిష్యత్తు' అని కెరీర్ వ్యాసం ఉంటుంది. ఏ పేజీ నమ్మాలో పిల్లాడే తేల్చుకోవాలి.

హోంగార్డు ఉద్యోగం ఇంకా విచిత్రం. అసలది ఉద్యోగమే కాదట. స్వచ్ఛంద సేవ! ఇచ్చేది జీతం కాదు, డ్యూటీ అలవెన్సు. ట్రాఫిక్‌లో పొగ పీల్చేది, జాతర్లో జనాన్ని తోసేది, అధికారి గారి ఇంటికి పాల ప్యాకెట్ తెచ్చేది, అంతా స్వచ్ఛందంగానే. 2015లో సుప్రీంకోర్టు, వీళ్లను రెగ్యులర్ చేయనక్కర్లేదు గానీ నెల మొత్తానికి పోలీసు కనీస వేతనంతో సమానంగా పడేలా అలవెన్సు ఇవ్వండి అంది. ఆంధ్రలో 2019లో రోజుకు 600 నుంచి 710 చేసి డప్పు కొట్టుకున్నారు. తెలంగాణలో 921 ఉన్నదాన్ని 2025 జనవరి నుంచి వెయ్యి చేశారు. అదైనా వేళకు చేతికొస్తే అదృష్టం. 2023 సెప్టెంబరులో హైదరాబాద్‌లో జీతం అందలేదని అడగడానికెళ్లిన ఒక హోంగార్డు ఒంటి మీద పెట్రోలు పోసుకున్నాడు. మూడు రోజులకు ఆస్పత్రిలో చనిపోయాడు. ఆయన పిల్లలు కూడా ఏదో ఒక బళ్లో చదువుకుంటూ ఉంటారు. ఆ బడిలోనూ అక్టోబరులో వ్యాసరచన పోటీ పెడతారు. అంశం: 'సమాజ రక్షణలో పోలీసుల పాత్ర'.

అక్టోబరంటే ఓపెన్ హౌస్ కూడా ఉంటుంది. పోలీసు మైదానంలో టెంట్లు వేసి తుపాకులు, బాంబు నిర్వీర్య పరికరాలు, జాగిలాలను చూపిస్తారు. పిల్లలకు కుక్కలంటే మహా సరదా. ఏకే-47 పట్టుకుని ఫొటో దిగితే జన్మ ధన్యం. ఎవరైనా కానిస్టేబుల్‌ని నిలబెట్టి, 'అన్నా, నీ డ్యూటీ ఎన్నింటికి మొదలై ఎన్నింటికి అయిపోతుంది?' అని అడగనిస్తారా? ఆంధ్రలో 2019 జూన్‌లో పోలీసులకు వారానికో రోజు సెలవు ప్రకటించారు. దేశంలో మొదటిసారి అని చంకలు గుద్దుకున్నారు. ఆ సెలవు ఇప్పుడు ఏ స్టేషన్లో ఎంతమందికి అమలవుతోందో ఆ టెంట్లో ఒక బోర్డు పెట్టించండి. పక్కనే అగ్నిమాపక శాఖ వాళ్లనూ పిలిచి, మీ జిల్లాలో ఎన్ని పోస్టులు ఖాళీ, ఏ బండి ఏ సంవత్సరంలో కొన్నది అని రెండో బోర్డు. నియామక మండలి వాళ్లకు మూడో బోర్డు: తదుపరి నోటిఫికేషన్ ఫలానా తేదీన, ఫలితాలు ఫలానా తేదీన, తప్పితే ఫలానా అధికారి బాధ్యుడు. తుపాకులు తీసేసినా ఫర్వాలేదు, ఈ మూడు బోర్డులూ ఉంచండి. పదో తరగతి పిల్లలక్కూడా ఆ రోజు స్లిప్ టెస్టు రద్దుచేసి పంపండి. చదువుకోవడం వచ్చినవాళ్లే కదా, చదువుకుని నిర్ణయం వాళ్లే తీసుకుంటారు.

ఏం సార్, బోర్డులకు బడ్జెట్ లేదా? ఫ్లెక్సీల వాణ్ణి అడగండి, నాయకుడి పుట్టినరోజు ఖాతాలో రాసుకుంటాడు.